డ్యాష్‌బోర్డులో యాక్సెస్ పాయింట్ల పేర్లన్నీ పోయాయి, మ్యాక్ అడ్రస్‌లే మిగిలాయి

హాస్టల్‌వైఫై:
అన్నలూ, గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లకి వైఫై నేనే చూస్తాను. రెండు బ్లాకులు, 38 యాక్సెస్ పాయింట్లు (వైఫై ఇచ్చే డబ్బాలు), అన్నీ క్లౌడ్ డ్యాష్‌బోర్డులోనే. ఒక్కోదానికి గుర్తుండేలా పేరు పెట్టుకున్నా: "బీ2 మెట్ల పక్క", "మెస్ చేతులు కడిగే చోటు" ఇలా. సోమవారం పొద్దున తెరిస్తే ఒక్క పేరూ లేదు. వరసగా 38 మ్యాక్ అడ్రస్‌లు (ఒక్కో డబ్బాకి కంపెనీ వేసే గుర్తింపు నంబర్లు). మొదటి ఆరు అక్షరాలు తయారీ కంపెనీవి కదా, అన్నిటికీ అవే. తేడా అంతా చివర్లో.

నెట్ వస్తోంది. కానీ రెండు ఎర్రగా ఉన్నాయి, ఏ అంతస్తులోవో తెలీదు. వార్డెన్ గారు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. స్టిక్కర్ చూద్దామంటే అది వెనక వైపు, నిచ్చెన వేసి ఊడదీయాలి. బ్రౌజర్ మార్చా, వేరే లాగిన్‌తో చూశా. అదే కథ.

ర్యాక్‌బాబాయ్:
నిచ్చెన ఎక్కకు తమ్ముడూ. స్విచ్‌లో (కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) మ్యాక్ టేబుల్ చూడు, ఏ మ్యాక్ ఏ పోర్టులో ఉందో చెప్పేస్తుంది. ఎల్ఎల్‌డీపీ (పరికరాలు తామెవరో పక్కదానికి చెప్పుకునే పద్ధతి) ఆన్‌లో ఉంటే ఇంకా సులువు. ఆ రెండూ మాత్రం అందులో కనపడవు, మిగతా 36 తేలాక మిగిలిన పోర్టులే వాటివి.

కొత్తవాడు:
మా దాంట్లో స్టూడెంట్ల ఫోన్ల పేర్లు కూడా రావట్లేదు, ఇదేనా?

ర్యాక్‌బాబాయ్:
అది వేరు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ దాచి ఉత్తుత్తిది ఇస్తున్నాయి. రెండో అక్షరం 2, 6, ఏ, ఈ అయితే అదే.

పాతకాపు:
ఈమధ్య లైసెన్సు రెన్యూ చేయించారా? పేరు డబ్బాలో ఉండదు, ఖాతాలో ఉంటుంది. పాత ఖాతాలో తీసేసి కొత్త దాంట్లో కలిపితే అది కొత్త డబ్బా కిందే లెక్క.

హాస్టల్‌వైఫై:
పాతకాపు గారూ, సరిగ్గా అదే! శనివారం సాయంత్రం రెన్యువల్‌కి వచ్చిన కుర్రాడు అన్నీ కొత్త ఖాతాలోకి మార్చాడట. "నెట్ ఆగలేదుగా సార్" అంటున్నాడు. ఏం చెప్తాం?

స్విచ్‌లు ఆ ఖాతాలో లేవు, బతికిపోయా, ఏ మ్యాక్ ఏ పోర్టులోనో వాటిలో దొరికింది. ఏ పోర్టు ఎక్కడికి పోతుందో అనుకుంటూ ర్యాక్ తలుపు తీస్తే, లోపలి వైపు కేబులింగ్ మేస్త్రీ స్కెచ్ పెన్నుతో రాసిన లిస్టు! "14 - మెస్సు కొళాయిలు". అక్షరాలు సగం చెరిగాయి గానీ చదవొచ్చు. గంటన్నరలో 36 పేర్లు పెట్టేశా. మిగిలిన రెండింట్లో ఒకటి మెస్ దగ్గరిదే, ఫాల్స్ సీలింగ్ పైన కేబుల్‌ని ఎలక కొరికింది. రెండోదాని పోర్టు ఎప్పుడో నేనే ఆఫ్ చేసి మర్చిపోయా (వార్డెన్ గారికి చెప్పలేదు).

ఇప్పుడు పేర్లన్నీ సీఎస్‌వీ ఫైల్లో దించి, ప్రింటు తీసి, మేస్త్రీ లిస్టు పక్కనే అంటించా.