ఫార్ రెడ్ ఇచ్చినా ఎల్‌హెచ్‌సీబీ దిగట్లేదు: చీకటి మొలకల ప్రయోగం

మొలకల_ట్రే
అందరికీ నమస్తే. అరబిడాప్సిస్ (ల్యాబ్‌లో వాడే చిన్న మొక్క) కొలంబియా రకం మొలకల్ని 4 రోజులు చీకట్లో పెంచి, 660 నానోమీటర్ల రెడ్ లైట్ 5 నిమిషాలు ఇస్తున్నాను. తీవ్రత చదరపు మీటరుకు సెకనుకు 10 మైక్రోమోల్స్. మళ్లీ చీకట్లో పెట్టి 4 గంటలకు ఆర్‌ఎన్‌ఏ తీసి, క్యూపీసీఆర్‌లో (జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచే పద్ధతి) ఎల్‌హెచ్‌సీబీ1 చూస్తున్నాను. అది కిరణజన్య సంయోగక్రియకు కాంతిని పట్టే ప్రోటీన్ల జీన్. రెడ్‌కి బాగానే పెరుగుతోంది. రెడ్ అవగానే 730 నానోమీటర్ల ఫార్ రెడ్ (రెడ్ దాటిన, కంటికి దాదాపు కనిపించని కాంతి) 5 నిమిషాలు ఇస్తే తిరిగి చీకటి స్థాయికి రావాలి కదా? కొంచెమే దిగుతోంది. ఫార్ రెడ్ ఒక్కటే ఇచ్చిన ప్లేట్లలోనూ పెరుగుదల కనిపిస్తోంది. పైగా చీకటి కంట్రోల్ ఒక్కో బ్యాచ్‌లో ఒక్కోలా ఉంది. మీడియా హాఫ్ ఎంఎస్ (సగం బలంలో పోషక లవణాలు), 1 శాతం సుక్రోజ్. పనంతా ఆకుపచ్చ సేఫ్‌లైట్ కిందే. తేడా ఎల్‌ఈడీలోనా, ప్రైమర్లలోనా?

పీఎఫ్ఆర్_పీఆర్
ఫార్ రెడ్ సంగతి వరకు రెండింట్లోనూ తేడా లేదు. వైల్డ్ టైప్‌లో (మ్యూటేషన్ లేని మామూలు మొక్కలో) రావాల్సిందే వచ్చింది.

ఫైటోక్రోమ్‌లంటే మొక్కలో రెడ్, ఫార్ రెడ్‌లను పసిగట్టే ప్రోటీన్లు. చీకట్లో పెరిగిన మొలకలో పేరుకుపోయేది ఫైటోక్రోమ్ ఏ. రెడ్ పడితే ఫైటోక్రోమ్‌లో సుమారు 87 శాతం చురుకైన పీఎఫ్ఆర్ రూపంలోకి మారుతుంది. 730 కింద అది రెండు మూడు శాతానికి పడిపోతుంది గానీ సున్నా కాదు. ఫైటోక్రోమ్ బీకి ఆ కాస్త ఏ మూలకూ సరిపోదు, అందుకే దాని పనిని ఫార్ రెడ్ రద్దు చేయగలదు. ఫైటోక్రోమ్ ఏకి మాత్రం అదే ఎక్కువ. చదరపు మీటరుకు మొత్తం 1 మైక్రోమోల్ చేరేలోపే దాని స్పందన ఇంచుమించు నిండిపోతుంది, మీ రెడ్ పల్స్ ఏమో 3,000. ఫైటోక్రోమ్ ఏ తెచ్చిన పెరుగుదల అలాగే నిలబడుతుంది, మీకు దిగిన ఆ "కొంచెం" ఫైటోక్రోమ్ బీ వాటా.

తేల్చుకోవాలంటే పక్కనే ఫైఏ-211 మ్యూటెంట్ (ఫైటోక్రోమ్ ఏ లేని మొక్క) పెట్టండి. అందులో ఫార్ రెడ్ ఒక్కటే ఇస్తే పెరగకూడదు, రెడ్ తెచ్చిన పెరుగుదలను ఫార్ రెడ్ దించాలి. ఫైటోక్రోమ్ బీ లేని ఫైబీ-9లో రెడ్, ఫార్ రెడ్ రెండూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. ఒక హెచ్చరిక: వాడుకలో ఉన్న ఫైబీ-9 విత్తనాల్లో కొన్నింటికి వెనోసా4 జీన్‌లో రెండో మ్యూటేషన్ ఉంది. అది క్లోరోప్లాస్ట్ ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. కిరణజన్య సంయోగక్రియ జీన్లు కొలిచేవాళ్లు దీన్ని చూసుకోకపోతే ఫలితాన్ని నమ్మలేం.

చీకటిగది
కంట్రోల్ ఊగిసలాటకు నా అనుమానం సేఫ్‌లైట్ మీదే. ఫైటోక్రోమ్ ఆకుపచ్చను తక్కువగానే పీల్చుకుంటుంది, అయినా పీల్చుకుంటుంది. సెకనుకు 0.01 మైక్రోమోల్ ఇచ్చే మసక బల్బు కింద 10 నిమిషాలు ప్లేట్లు సర్దితే 6 మైక్రోమోల్స్ పడ్డట్టే. పైన చెప్పిన 1 మైక్రోమోల్ లెక్కతో పోల్చి చూడండి. కోసేటప్పటి వెలుతురు కన్నా, పల్స్‌కి ముందు పడ్డదే చేటు. కోత సమయంలో నిమిషంలోపు లిక్విడ్ నైట్రోజన్‌లో వేసేస్తే ఎంఆర్‌ఎన్‌ఏ మారే వ్యవధి ఉండదు. పల్స్ దాకా మాత్రం ప్లేట్లకు చుట్టిన రేకు విప్పొద్దు. ఏ ప్లేట్ ఏదో చేత్తో తడిమి తెలుసుకునేలా అంచున టేపు అంటించండి.

మొలకెత్తించడానికి ముందిచ్చే తెల్ల కాంతి కూడా ప్రతి బ్యాచ్‌కీ అన్నే గంటలు, అదే సమయానికి ఉండాలి. ఫైటోక్రోమ్ బీ నిలకడైనది, ఆనాటి పీఎఫ్ఆర్ కొంత చీకట్లోకీ వెంటవస్తుంది.

సుక్రోజ్ తీసేయండి. చక్కెర ఎల్‌హెచ్‌సీబీ, ఆర్‌బీసీఎస్ లాంటి కిరణజన్య సంయోగక్రియ జీన్లను అణచేస్తుంది. 4 రోజులకు విత్తనంలోని నిల్వలే చాలు.

సీటీ_విలువ
చీకటి కంట్రోల్ పెరిగి కనిపించడానికి ఇంకో దారి కూడా ఉంది. ఎల్‌హెచ్‌సీబీ1.1, 1.2, 1.3 మూడూ క్రోమోజోమ్ 1 మీద పక్కపక్కనే ఉంటాయి, వాటిలో ఇంట్రాన్లు (ఎంఆర్‌ఎన్‌ఏ తయారయ్యేటప్పుడు తీసేసే ముక్కలు) లేవు. కాబట్టి ఇంట్రాన్ దాటేలా ప్రైమర్లు వేసే ఉపాయం ఇక్కడ కుదరదు, శాంపిల్లో మిగిలిన డీఎన్‌ఏ కూడా అదే సైజులో వస్తుంది. అసలు ఎంఆర్‌ఎన్‌ఏ తక్కువుండే చీకటి శాంపిల్లోనే దీని దెబ్బ ఎక్కువ. డీఎన్‌ఏజ్ (డీఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైమ్) వేయండి, ప్రతి శాంపిల్‌కీ రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ చేసే ఎంజైమ్) వేయని గొట్టం ఒకటి పెట్టండి. మూడింటి కోడింగ్ భాగాలూ దాదాపు ఒకటే, విడివిడిగా కావాలంటే ప్రైమర్ 3 ప్రైమ్ యూటీఆర్‌లో (ఎంఆర్‌ఎన్‌ఏ చివర ప్రోటీన్‌గా మారని భాగంలో) పడాలి. పోల్చుకోవడానికి రిఫరెన్స్ జీన్‌గా పీపీ2ఏఏ3 పెట్టుకోండి, దానికి తోడు ఇంకొకటి.

మొలకల_ట్రే
ధన్యవాదాలండీ. 4 గంటలకు బదులు మర్నాడు పొద్దున కోస్తే నడుస్తుందా? రాత్రిపూట ల్యాబ్‌లో ఉండటం కష్టంగా ఉంది.

పీఎఫ్ఆర్_పీఆర్
నడవదు. పీఎఫ్ఆర్ న్యూక్లియస్‌లోకి వెళ్లి పిఫ్ ప్రోటీన్లను నిమిషాల్లో కూల్చేస్తుంది. చీకట్లో ఈ జీన్లను తొక్కిపట్టేవి అవే, నాలుగు ముఖ్యమైన పిఫ్‌లూ లేని మ్యూటెంట్‌లో ఇవి చీకట్లోనే మేలుకుంటాయి. కాప్1 (చీకట్లో వెలుతురు స్పందనను అణచే ప్రోటీన్) జోరు తగ్గి హెచ్‌వై5 (వెలుతురు జీన్లను నడిపే ప్రోటీన్) నిలబడుతుంది, ఆపైన జీఎల్‌కే (క్లోరోప్లాస్ట్ జీన్లను నడిపే ప్రోటీన్) అందుకుంటుంది. 4 గంటలకు మీరు చూసేది ఈ వరుస. మర్నాటికి అందులో సర్కేడియన్ గడియారం (మొక్కలోని రోజువారీ లయ) కలిసిపోతుంది, ఎందుకంటే ఆ రెడ్ పల్సే దాన్ని కూడా సరిచేస్తుంది. అప్పుడు పెరిగింది పల్స్ వల్లనా, గడియారం వల్లనా చెప్పలేం. కోత సమయం కాదు, విత్తే సమయం జరపండి: తెల్ల కాంతి మధ్యాహ్నం 1 గంటకు ముగిస్తే, సరిగ్గా 92 గంటల చీకటి తర్వాత పల్స్ ఉదయం 9కి పడుతుంది, కోత 1 గంటకు.