కోవిడ్ కాలంలో గర్భిణికి షుగర్: ఇంట్లోనే చూసుకుంటే సరిపోతుందా?

ప్రశ్న: చెల్లికి ఏడో నెలలో షుగర్ బయటపడింది. కోవిడ్ వల్ల ఆస్పత్రికి వెళ్లాలంటేనే టెన్షన్. మీటర్ కొన్నాం, తిండి మార్చింది. ప్రసవం దాకా ఇలాగే నెట్టుకురావచ్చా?

జవాబు 1: రావచ్చండి. చాలామందికి తిండి, నడకతోనే అదుపులోకి వస్తుంది. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకైతే 120 లోపు ఉంటే చాలు. 2020లో బ్రిటన్‌లో ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ కూడా గ్లూకోజు తాగించి చేసే పరీక్షకు బదులు మామూలు రక్తపరీక్షలు చేయొచ్చని కొన్నాళ్లు సడలించింది కదా!

జవాబు 2: ఆ సడలింపు షుగర్ ఉందో లేదో కనిపెట్టడానికే, వైద్యం మానేయడానికి కాదు. పైగా అందులో వాడిన హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) గర్భంతో ఉన్నప్పుడు అసలు కంటే తక్కువ చూపించవచ్చు, ఎర్రకణాలు త్వరగా మారిపోతుంటాయి కాబట్టి. అలా దొరక్కుండా పోయిన కేసులూ ఉన్నాయి.

నా బాధంతా పరగడుపు అంకె గురించి. మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. రాత్రంతా కాలేయం గ్లూకోజు వదులుతూనే ఉంటుంది. రాత్రి ఎంత తక్కువ తిన్నా పొద్దున 95 దాటొచ్చు. ఇంట్లోవాళ్లేమో ‘రాత్రి ఏం తిన్నావ్?’ అని నిలదీస్తారు, ఆ పిల్ల ఇంకా కడుపు మాడ్చుకుంటుంది. అప్పుడు ఒంట్లో కీటోన్లు (తిండి చాలక కొవ్వు కరిగినప్పుడు పుట్టే పదార్థాలు) పెరుగుతాయి. తప్పు ఆమెది కాదు, ఆమెకు ఇన్సులిన్ కావాలి, అంతే. ఇన్సులిన్ బిడ్డకు హాని అన్న భయం వద్దు. మాయను దాటి బిడ్డను చేరేది తల్లి రక్తంలోని గ్లూకోజు, ఇన్సులిన్ కాదు.

జవాబు 1: ఇన్సులిన్ మాట ఒప్పుకుంటాను. దానికి డాక్టరు ఫోన్‌లో చెబితే చాలదా? రోజూ అంకెలు పంపిస్తే సరి.

జవాబు 2: మోతాదు మార్చడానికి చాలావరకు ఫోన్ చాలు, నేనూ అదే కోరుకుంటాను. కానీ బిడ్డ ఎదుగుదల, ఉమ్మనీరు మీటర్‌కు కనబడవు, స్కానింగ్‌కు వెళ్లాల్సిందే. బీపీ చూపించుకోవాలి. కదలికలు తగ్గితే కోవిడ్ అయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా బయల్దేరాలి. జ్వరం వస్తే షుగర్ కూడా పెరగొచ్చు, వెంటనే ఫోన్ చేయండి.

ఇంకోటి, వేలు గుచ్చేముందు శానిటైజర్ కాకుండా సబ్బు, నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉంటే అంకె తప్పుగా రావొచ్చు.

ప్రశ్న అడిగినవారు: పరగడుపున తరచూ 100 దాటుతోంది. తను రాత్రి భోజనం మానేస్తోంది.

జవాబు 2: ఈ రాత్రి నుంచే తినమనండి. రేపు పొద్దున్నే డాక్టరుకు అంకెలన్నీ పంపండి. ప్రసవమయ్యాక 6 నుంచి 12 వారాల మధ్య మళ్లీ గ్లూకోజు పరీక్ష ఉంటుంది, దాన్ని వదిలేయకండి.