బల్గేరియాలో ప్లోవ్‌దివ్: అమ్మానాన్నలతో వెళ్తే ఒక్కరోజు సరిపోద్దా?

మియాపూర్ అమ్మాయి

అందరికీ నమస్తే. మా తమ్ముడు సోఫియాలో జాబ్ చేస్తున్నాడు, సెప్టెంబర్ మొదటి వారంలో అమ్మానాన్నల్ని తీసుకుని వెళ్తున్నా. సోఫియా వాడు చూపిస్తాడు కానీ నాన్నకి ప్లోవ్‌దివ్ అనే ఊరి మీద మనసు పడింది, ఎక్కడో వీడియోలో నడిబజార్లో రోడ్డు కింద రోమన్ల స్టేడియం చూశారంట, అప్పట్నుంచి రోజూ అదే మాట. రిటైరయ్యాక ప్రతి ఆదివారం గోల్కొండకో కుతుబ్‌షాహీ సమాధులకో పోయే మనిషి, పాత గోడ కనిపిస్తే చెయ్యి పెట్టి చూడకుండా కదలరు. అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు. తమ్ముడు పొద్దున పోయి సాయంత్రం వచ్చేద్దాం అంటున్నాడు. ఒక్కరోజు సరిపోద్దా, రాత్రి ఉండాలా? అమ్మ ఎంతవరకు నడవగలదు? ఇంకా అక్కడి హిస్టరీ ఎవరైనా కొంచెం తెలుగులో రాస్తే నాన్నకి చదివి వినిపిస్తా.

పెరుగన్నం

రాత్రి ఉండండి, వీలైతే రెండు రాత్రులు. నేను సోఫియాలో రెండేళ్ళున్నా, మొదటిసారి మీ తమ్ముడు చెప్పినట్టే పొద్దున పోయి సాయంత్రం బస్సెక్కా, తిరిగొచ్చే దారంతా బాధపడుతూనే ఉన్నా, తర్వాత మళ్ళీ మూడుసార్లు వెళ్ళా. సోఫియా నుంచి 145 కిలోమీటర్ల లోపే, బస్సు రెండు గంటల్లో దింపేస్తుంది, రైలైతే ఇంకొంచెం ఎక్కువసేపు పడుతుంది.

అమ్మగారి కోసం ఇలా చేయండి. సెంటర్లో పోస్టాఫీసు దగ్గర దిగండి, అక్కడే రోమన్ ఫోరం, అంటే ఆ కాలపు ఊరి నడి కూడలి, రాళ్ళు కనిపిస్తాయి. అక్కడి నుంచి మెయిన్ స్ట్రీట్ మొత్తం నడిచేవాళ్ళకే, బండ్లు రావు, చదునుగా ఉంటుంది, బెంచీలుంటాయి, అమ్మగారు ఆగుతూ ఆగుతూ నడవొచ్చు. ఆ వీధి చివర జుమాయా మసీదు, దాని ముందే గొయ్యిలాగా కిందికి దిగి ఉంటుంది మీ నాన్నగారు చూసిన స్టేడియం. కనిపించేది ఒక చివర వంపు మాత్రమే, మొత్తం పొడవు దాదాపు 240 మీటర్లు, మిగతాదంతా మీరు నడిచొచ్చిన ఆ వీధి కిందే ఉంది. 30 వేల మంది కూర్చునేవాళ్ళంట! దారిలో ఒక బట్టల షాపు బేస్‌మెంట్‌లోకి దిగితే డ్రెస్సుల హ్యాంగర్ల పక్కనే ఆ పాలరాతి మెట్ల వరసలు కనిపిస్తాయి, నాన్నగారిని తప్పకుండా అక్కడికి తీసుకెళ్ళండి.

కష్టమల్లా పాత ఊరితోనే. మసీదు పక్క నుంచి ఎక్కుడు, నేలంతా పెద్ద పెద్ద గుండ్రాళ్ళు, ఒకటి ఎత్తు ఒకటి పల్లం, వాన పడితే జారుతాయి. నాకే మడమ బెణికింది. అమ్మగారికి చెప్పులొద్దు, మందం సోలున్న షూ వేయించండి, పైకి ఒక్కసారి మాత్రమే ఎక్కించండి, ఆ ఒక్కసారీ పొద్దున్నే. మిగతా టైంలో ఆమె కింద కపానాలో కూర్చోవచ్చు, మసీదుకి అవతల చిన్న చిన్న సందుల పేట అది, ఆ పేరుకి ఉచ్చు అని అర్థం, పాతకాలంలో కంసాలులు, తోలుపని వాళ్ళు ఉండేవాళ్ళు, ఇప్పుడు కాఫీ షాపులు, బొమ్మలేసేవాళ్ళ దుకాణాలు.

తిండి గురించి అస్సలు భయపడకండి. మన వాళ్ళకి పెరుగు లేకపోతే గడవదు కదా, అక్కడ పెరుగు వాళ్ళకి ప్రాణం, ఆ పెరుగు తోడుకునే బ్యాక్టీరియా పేర్లోనే బల్గేరియా ఉంది. తరాతోర్ అని ఒకటి అడగండి, కీర దోసకాయ ముక్కలు పెరుగులో కలిపి వెల్లుల్లి, సోయాకూర, అక్రోట్ పలుకులు వేసి చల్లగా ఇస్తారు, తాలింపు లేని పెరుగుపచ్చడి అనుకోండి. ఐరాన్ అంటే మన ఉప్పు మజ్జిగే.

ఇంకోటి, వాళ్ళు అవును అనడానికి తల అడ్డంగా తిప్పుతారు, కాదు అంటే పైకి ఎగరేస్తారు. వెజ్ ఉందా అని అడిగి తల చూసి వెళ్ళిపోకండి, నోటితో చెప్పించుకోండి. దా అంటే అవును, నే అంటే కాదు.

గుట్టలకాడ

అక్కా, మీ నాన్నకు రాళ్ళంటే ఇష్టమన్నరు కాబట్టి నేను ఒక్క ముచ్చట చెప్త. ప్లోవ్‌దివ్‌ను ఏడు గుట్టల ఊరు అంటరు. వాళ్ళ భాషల గుట్టను తెపె అంటరు, టర్కీ వాళ్ళ మాట. నేను పోయినేడు పోయినప్పుడు ఏడూ ఎక్కుదామని లిస్టు రాసుకున్న, నెబెత్ తెపె, జంబాజ్ తెపె, తక్సిమ్ తెపె, ఈ మూడు కలిసే పాత ఊరు, రోమన్లు దాన్నే ట్రిమోంటియం అన్నరు, మూడు గుట్టలు అని. ఇంక సాహత్ తెపె మీద పాత గడియారం బురుజు, బునార్జిక్ మీద అల్యోషా అని సోవియట్ సిపాయి విగ్రహం, జెందెం తెపె అన్నిటికంటె ఎత్తు. ఏడోది మార్కోవో తెపె ఎటుందని అడిగితే ఒక ముసలాయన నేలకు చెయ్యి చూపించిండు.

మొత్తం తవ్వేసిన్రు అక్కా. పోయిన శతాబ్దం మొదట్ల ఆ గుట్టను పగలగొట్టి ఆ రాయితోనే ఊర్ల రోడ్లు పరిచిన్రు. ఇప్పుడా జాగల ఒక మాల్ ఉంది, దానికి ఆ గుట్ట పేరే ఉంది. నాకు అక్కడ నిలబడితే కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్, ఎందుకంటె నేను పుట్టి పెరిగింది ఖాజాగూడ దిక్కు, చిన్నప్పుడు పతంగులెగరేసిన బండలు ఇప్పుడు లేవు, 250 కోట్ల ఏండ్ల రాయి అది, నాలుగు నెలల్ల కంకర అయిపోయింది. మిగిలిన ఆరు గుట్టల్ని మాత్రం వాళ్ళు మంచిగ చూసుకుంటున్నరు, పొద్దుగూకంగ ఊరంతా పైకెక్కి కూసుంటది.

మీ నాన్నను నెబెత్ తెపె మీదికి సాయంత్రం తోల్కపోండి. రాళ్ళ మీద కూసుంటె కింద మారిత్సా నది, పాతిండ్ల ఎర్ర పెంకులు, మసీదు మినారు, అన్నీ ఒక్క తీర్గ కనవడ్తయి. నెబెత్ అంటె కావలి. అరబ్బీల నౌబత్ మాటే అది, మన బిర్లా మందిర్ కాడి నౌబత్ పహాడ్ లేదా, అదే మాట. ఊరు మొదలైందే ఆ గుట్ట మీద.

వాళ్ళకు అయిల్యాక్ అని ఒక మాట ఉంది, తొందర లేకుంట నిమ్మళంగ ఉండుడు. ప్లోవ్‌దివ్‌ వాళ్ళ సొత్తు అంటరు ఆ మాటను. మన దిక్కు ఆరామ్ సే అన్నట్టు. ఒక్క పూటల చూసేద్దామంటె ఆ ఊరు మీకు దొరకది.

చరిత్ర మాస్టారు

అమ్మా, మీ నాన్నగారికి చదివి వినిపిస్తానన్నావు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

మొదట థ్రేసియన్లు అనే అక్కడి పాత తెగల ఊరు. క్రీ.పూ. 342లో మాసిడోనియా రాజు రెండో ఫిలిప్ గెలుచుకుని తన పేరు పెట్టాడు, ఫిలిప్పోపోలిస్. అలెగ్జాండర్ తండ్రే ఈయన, కొడుకు పంజాబ్ దాకా వచ్చాడని మనం బళ్ళో చదువుకున్నాం కదా. తర్వాత రోమన్లు. వాళ్ళ కాలంలోనే కొండ వాలులో థియేటర్ కట్టారు, క్రీ.శ. ఒకటో శతాబ్దపు చివర. అది ఎన్నో వందల ఏళ్ళు మట్టి కింద ఉండిపోయి 1970ల మొదట్లో ఒక కొండచరియ జారితే బయటపడింది! 1981లో బాగుచేసి తెరిచారు, ఇప్పటికీ ఎండాకాలంలో అందులో ఒపెరాలు జరుగుతాయి. నాన్నగారిని మెట్ల మీద అక్షరాలు వెతకమను. ఏ తెగవాళ్ళు ఎక్కడ కూర్చోవాలో రాతి మీదే చెక్కారు. సీట్ నంబర్ అన్నమాట.

3వ శతాబ్దంలో గోత్‌లు అనే జర్మానిక్ తెగవాళ్ళు వచ్చి ఊరిని దోచి తగలబెట్టారు. అయినా లేచి నిలబడింది. బిషప్ బసిలికా అని చర్చి నేల ఒకటి 1980లలో దొరికింది, జనం చూడ్డానికి 2021లో తెరిచారు. రెండు వేల చదరపు మీటర్లకి పైగా చిన్న చిన్న రాతి ముక్కలతో చేసిన ముగ్గు అనుకో. పైపొర మీద వందకి పైగా పక్షులు, నడుమ పెద్ద నెమలి. నేను ఒక్క పావురం ముందు చాలాసేపు నిలబడ్డా, మెడ దగ్గర బూడిద రంగు రాళ్ళు ఒక్కొక్క వరసకీ కొంచెం కొంచెం ముదురవుతూ పోతాయి, పదిహేను వందల ఏళ్ళ కిందట ఎవరో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరి పెట్టిన రాళ్ళు. మీ అమ్మగారికి ఇది చూపించు, ఎక్కడం లేదు, సెంటర్లోనే ఉంది.

14వ శతాబ్దంలో ఒట్టోమన్ల చేతికి వెళ్ళింది, ఫిలిబే అని పిలిచారు. జుమాయా అంటే శుక్రవారం, మన జుమ్మాయే. 1878లో రష్యా, టర్కీ యుద్ధం తర్వాత తూర్పు రుమేలియా అనే రాష్ట్రానికి రాజధాని అయ్యింది, 1885 సెప్టెంబర్ 6న ఇక్కడే తిరుగుబాటు జరిగి మిగతా బల్గేరియాతో కలిసింది. ఆ తేదీ అక్కడ జాతీయ సెలవు, మీరు వెళ్ళేది ఆ వారమే కాబట్టి హోటల్ ముందే బుక్ చేసుకోండి.

ఇంకొక తేదీ నాన్నగారికి తెలియాలి. 1943 మార్చిలో ఈ ఊరి యూదుల్ని నాజీల శిబిరాలకి పంపడానికి ఒక బడి ఆవరణలో పోగేశారు. ఇక్కడి బిషప్ కిరిల్ వాళ్ళ పక్షాన వచ్చి నిలబడ్డాడు, దేశమంతా కూడా నిరసనలు వచ్చాయి, ఆ ప్రయాణం ఆగిపోయింది. బల్గేరియా అప్పుడు ఆక్రమించుకున్న థ్రేస్, మాసిడోనియాల నుంచి మాత్రం 11 వేల మందికి పైగా యూదుల్ని ఆ శిబిరాలకి పంపేశారు, దాదాపు ఎవరూ తిరిగి రాలేదు. రెండూ కలిపే చెప్పుకోవాలి.

పాత ఊళ్ళో ఇళ్ళు చాలా ఉన్నాయి, అన్నీ ఎక్కి దిగనక్కర్లేదు. కుయుమ్‌జియోగ్లు ఇల్లు ఒకటి, 1847ది, ఎత్నోగ్రాఫిక్ మ్యూజియం ఇప్పుడు, చెక్కతో చెక్కిన పైకప్పులు చూసి తీరాలి. రెండోది హింద్లియాన్ ఇల్లు. స్టెపాన్ హింద్లియాన్ ఆర్మేనియన్ వ్యాపారి, మన దేశంతో వ్యాపారం చేసినందుకే ఆ ఇంటిపేరు వచ్చిందని అక్కడ చెప్తారు, హింద్ అన్న మాట అందులోనే ఉంది చూడు. గోడల నిండా ఇస్తాంబుల్, వెనిస్ లాంటి ఊళ్ళ బొమ్మలు, హాల్లో గోడకి పాలరాతి ఫౌంటెన్, అందులోంచి పన్నీరు వచ్చేదంట. మన పెళ్ళిళ్ళలో గుమ్మం దగ్గర పన్నీరు చల్లినట్టే, వచ్చిన చుట్టానికి గులాబీ వాసనతో స్వాగతం.

మియాపూర్ అమ్మాయి

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి అన్నం తిన్నాక నాన్నకి మొత్తం చదివి వినిపించా, గుట్ట పగలగొట్టిన దగ్గర ఆపమన్నారు, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మళ్ళీ చదవమన్నారు. అమ్మ మాత్రం ఆ పన్నీరు ఇల్లు చూడాల్సిందే, ఆ ఒక్క ఎక్కుడు నేను ఎక్కుతా అంది. రెండు రాత్రులు బుక్ చేశా, 5, 6 తేదీలు. మాస్టారూ, ఆ పావురం నెమలికి ఏ వైపు ఉంటుందో గుర్తుంటే చెప్పండి, నాన్న అడుగుతున్నారు.