ఒక్కరోజు వరంగల్ ట్రిప్: కోటకు గంట చాలా, పూట కావాలా?

సికింద్రాబాద్ బాటసారి: ఆదివారం పొద్దున రైలు దిగి రాత్రి రైలెక్కాలి. అమ్మ కూడా వస్తోంది. వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్, రామప్ప మూడూ అవుతాయా? కోటలో నాలుగు తోరణాలు తప్ప ఏమీ లేదు, గంట చాలు అంటున్నారు మా ఆఫీసులో.

కాజీపేట కుర్రోడు: గంట కూడా ఎక్కువే అన్నా. తోరణం దగ్గర ఫోటో, ఖుష్‌మహల్ ఒక చుట్టు, అంతే. 1213 నాటి రామప్ప గుడి ఇప్పటికీ నిలబడి ఉంది, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. కోట నడుమ గుడి చూస్తే అంతా పడిపోయిన రాళ్లే. వాటి కోసం రామప్పను వదులుకుంటారా?

శివనగర్ పెద్దాయన: తమ్ముడూ, ఆ తోరణాలు కోట కాదు. స్వయంభూ శివాలయం ఆవరణకు నాలుగు దిక్కులా నిలిపిన ద్వారాలవి. కోటంటే గోడలు. అవి ఆటోలో ఫోన్ చూసుకుంటూ పోతే కనబడవు.

రాతికోట దర్వాజా దగ్గర దిగండి. దారి నేరుగా లోపలికి పోదు, మలుపు తిరిగి మళ్లీ తిరుగుతుంది. శత్రువుల ఏనుగులు, గుర్రాలు ఒక్క ఊపున దూసుకురాకుండా చేసిన ఏర్పాటు. ఇంతలేసి బండలు సున్నం లేకుండా ఒకదాన్నొకటి ఎట్లా పట్టుకున్నాయో చెయ్యిపెట్టి చూడండి. లోపలివైపు గోడ వెంట మెట్లున్నాయి, సైనికులు ఎక్కడివాళ్లు అక్కడే పైకెక్కడానికి. పైనుంచి కందకం, పొలాలు, అవతల మట్టికోట గట్టు. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ రెండోసారి దండెత్తి వస్తే గానీ ఇది లొంగలేదు. ఎందుకో అక్కడ నిలబడితే తెలుస్తుంది. గంటలో అయ్యే పనేనా?

రామప్ప గొప్పదే, కాదన్నదెవరు? కానీ ఇక్కడినుంచి దగ్గరదగ్గర 70 కిలోమీటర్లు. సగం రోజు బండిలోనే పోతుంది. ఇంకోసారి లక్నవరం చెరువుతో కలిపి పెట్టుకోండి.

మానేరు గట్టు: కోటలే చూడాలంటే మా ఎలగందుల రండి, కరీంనగర్ పక్కనే. గుట్ట ఎక్కాలి, అంతే. జగిత్యాలలో నక్షత్రం ఆకారపు కోట కూడా ఉంది.

కాజీపేట కుర్రోడు: ఆయనకున్నది ఒక్క రోజు, మీరు మూడు జిల్లాలు తిప్పుతున్నారు!

సికింద్రాబాద్ బాటసారి: అమ్మకు మోకాళ్ల నొప్పులు. గోడ మెట్లు కష్టమేమో.

శివనగర్ పెద్దాయన: అమ్మగారు మెట్లెక్కక్కర్లేదు. తోరణాల దగ్గర నేల చదునే, పడిపోయిన స్తంభాల మీది చెక్కడం నింపాదిగా చూసుకోవచ్చు. మీరు ఎండెక్కకముందే గోడ ఎక్కి దిగండి.

సికింద్రాబాద్ బాటసారి: సరే, పొద్దున కోట, సాయంత్రం వేయిస్తంభాల గుడి. రామప్ప వాయిదా. కాజీపేట తమ్ముడు ఏమీ అనుకోవద్దు.

కాజీపేట కుర్రోడు: అనుకుంటా! వేయిస్తంభాల గుడిలోనైనా తొందరపడకండి. విప్పదీసి మళ్లీ పేర్చిన కల్యాణ మండపాన్ని 2024లో తెరిచారు. చాలామంది గుడి చూసి అటు పోకుండానే వెళ్లిపోతున్నారు.