నాన్నగారి పాత బిల్డింగ్ ప్లాన్లు, బ్లూప్రింట్లు లామినేషన్ చేయించొచ్చా?

అందరికీ నమస్తే. మా నాన్నగారు కాకినాడలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసేవారు, ఇళ్లు, రైస్ మిల్లులు, కల్యాణ మండపాల ప్లాన్లు గీసేవారు. ఆయన పోయాక ట్రంకు పెట్టెలు తెరిస్తే అన్నీ చుట్టలే, కొన్ని నీలం షీట్లు, కొన్ని ట్రేసింగులు (అవతలిది కనిపించే పల్చటి షీట్ల మీద గీసినవి), కొన్ని అమ్మోనియా ప్రింట్లు, అంచులు పట్టుకుంటే చాలు విరిగిపోతున్నాయి. జెరాక్స్ షాపాయన అన్నీ లామినేషన్ చేయించేయమంటున్నాడు. చేయించేయనా?

— అయ్యో వద్దండీ. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. సెల్లోటేపు కూడా వద్దు, జిగురు కాగితంలోకి దిగి పసుపు మరకైపోతుంది. ముందు ఏ చుట్టలో ఏమున్నాయో ఫోటో తీసి నంబరేసుకోండి, నాన్నగారు కట్టిన వరుస ఒకసారి చెదిరితే ఏ షీటు ఏ బిల్డింగ్‌దో ఇంక ఎవరూ చెప్పలేరు. తర్వాత రకాలవారీగా విడదీయండి. నీలం మీద తెల్ల గీతలుంటే బ్లూప్రింట్, 1842లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త కనిపెట్టిన పద్ధతే అది. తెల్లటి కాగితం మీద నీలమో ఊదానో గీతలుంటే అమ్మోనియా ప్రింట్, దాంట్లోంచి వచ్చే ఆవిరి పక్క కాగితాల్ని పాడుచేస్తుంది కాబట్టి దాన్ని వేరే పెట్టెలోనే పెట్టాలి. ఇంకో విషయం చాలామందికి తెలీదు, పాత పత్రాలు చుట్టి దాచడానికి ఆర్కైవ్ కాగితం పేరుతో అమ్మేదాంట్లో చాలావరకు క్షారం కలిపుంటుంది, మామూలు కాగితాలకి అది మంచిదే గానీ బ్లూప్రింట్ నీలాన్ని మాత్రం తినేస్తుంది. బ్లూప్రింట్లకి క్షారం కలపనిదే అడిగి తీసుకోండి.

చాలా థాంక్సండీ. ఒక బ్లూప్రింట్ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు, బాగా వెలిసిపోయింది. ఇంక పోయినట్టేనా?

— వెలుతురుకి వెలిసిందైతే కొన్నాళ్లు చీకట్లో ఉంచండి, పూర్తిగా కాకపోయినా కొంత రంగు తిరిగొస్తుంది. గోడకి కాపీ తగిలించుకోండి, అసలుది లోపల పెట్టేయండి.

— స్కానింగ్ గురించి నేనొకటి చెప్తా. షీటుని రోలర్లలోంచి లాగే మిషన్లో పెళుసు ట్రేసింగులు పెట్టనివ్వకండి, చిరిగితే ఇంక అంతే. పరిచి పైనుంచి ఫోటో తీసేవాళ్లని చూసుకోండి. జేపెగ్ ఒక్కటే ఇస్తే ఒప్పుకోకండి, టిఫ్ (నాణ్యత తగ్గకుండా దాచే ఫైలు) కూడా అడిగి రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఫైలు పేరులో డ్రాయింగ్ నంబరు, సంవత్సరం రాయండి, అవి మామూలుగా షీటు కింద కుడివైపు డబ్బాలో ఉంటాయి. ఇంక ట్రంకు పెట్టెల సంగతి, సముద్రపు గాలికి తుప్పు పడతాయి, కాగితాలు వాటిలో పెట్టకండి. షీట్లు పరిచి, గోడకి ఆనని అల్మారాలో నేలకి ఎత్తుగా పెట్టండి.

సరేనండీ, రేపు ఫోటోలతో మొదలుపెడతా. ఆ షాపాయనకి వద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేశా.