టకుమార్ లెన్స్ ఎపర్చర్ మూసేకొద్దీ ఫొటో ఎందుకు తెల్లబోతోంది?

కెనాన్ 6డీ కెమెరా మీద చిప్ లేని ఎం42 (పాత మరలెన్స్‌లు బిగించే) అడాప్టర్‌తో సూపర్ టకుమార్ 55 ఎంఎం ఎఫ్/1.8 వాడుతున్నా. ఏవీ మోడ్ (ఎపర్చర్ నాది, షట్టర్ వేగం కెమెరాది), ఐఎస్ఓ 200. నీడలో ఉన్న బూడిదరంగు గోడకి ఎఫ్/1.8, 2.8 దగ్గర హిస్టోగ్రామ్ సరిగ్గా మధ్యలో ఉంటోంది. 5.6కి వచ్చేసరికి ఎక్స్‌పోజర్ దాదాపు ఒక స్టాప్ (అంటే రెట్టింపు) ఎక్కువ, 11కి ఇంకా ఎక్కువ.

లైవ్ వ్యూలో (సెన్సరే వెలుతురు కొలిచేటప్పుడు) అన్ని ఎపర్చర్లకీ ఒకేలా వస్తోంది కాబట్టి బ్లేడ్లు అతుక్కున్నాయనుకోను. లెన్స్ మీద స్విచ్ మాన్యువల్‌లోనే ఉంది. స్పాట్ మీటరింగ్ పెట్టినా అంతే. ఐపీస్ (వ్యూఫైండర్‌లో కన్ను పెట్టే చోటు) మూసి కూడా చూశా. అయినా అక్కడినుంచి వెలుతురు దూరితే ఎక్స్‌పోజర్ తగ్గాలి గానీ పెరగదు కదా!

వ్యూఫైండర్‌లోని ఫోకసింగ్ స్క్రీన్ కెమెరాతో వచ్చిన ఈజీ-ఏ2. దాని బదులు ఈజీ-ఎస్ స్క్రీన్ వేసి, కస్టమ్ ఫంక్షన్‌లో మార్చుకుంటే వ్యూఫైండర్ మీటరింగ్ 5.6, 11 దగ్గర కూడా కుదురుకుంటుందా? వాడినవాళ్లెవరైనా చెప్పగలరా?