ఆర్గో బార్జి పనికాలపు రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

అమెరికా, కెనడాల మధ్య ఉన్న ఈరీ సరస్సులో కెల్లీస్ ద్వీపం సమీపాన 1937 అక్టోబరు 20న తుఫానులో ముడిచమురు, బెంజాల్ అనే రసాయన ద్రవం సరుకుతో మునిగి, 2015లో గజఈతగాళ్లకు దొరికిన ఆర్గో అనే ట్యాంకర్ బార్జి పనిచేసిన కాలం గురించి వివరాలు సేకరిస్తున్నాను. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ 2013 నాటి నివేదికలూ, ఆనాటి పత్రికల డిజిటల్ ప్రతులూ, అమెరికా వాణిజ్య నౌకల వార్షిక జాబితాలూ చూశాను. అన్నిచోట్లా మునక, కాలుష్య ప్రమాదం, లేదా కొలతలే తప్ప రోజువారీ రవాణా ఊసే లేదు. సొంత ఇంజను లేక టగ్ (ఇతర నౌకలను లాగే చిన్న నౌక) వెనుక సాగే బార్జి గనుక దాని ప్రయాణాలు టగ్ పేరు కిందే నమోదై ఉంటాయని నా అనుమానం. 1937కు ముందు ఆర్గో ఏ రేవుల మధ్య ఏ సరుకు మోసిందో తెలిపే చిట్టాలు ఏ గ్రంథాలయంలో లేదా పత్రభాండాగారంలో ఉంటాయో తెలిసినవారు చెప్పగలరా?